దమయంతి వద్దన్న చెయ్యి

దెయ్యాల కబుర్లు మొదలైతే లేచి వెళ్ళిపోయే రకం నేను. ఇప్పటికీ అంతే. ఇది చదివి నన్ను ఆ బాపతు మనుషుల్లో కలపకండి. జరిగింది జరిగినట్టు చెబుతాను. నమ్మితే నమ్మండి, లేకపోతే మానండి.

మాది ఉద్దానంలో ఒక కొబ్బరి ఊరు. నాకూ మా ఆవిడ దమయంతికీ అరవై దాటాయి. మా వైపు చాలామందికి వచ్చినట్టే ఆమెకూ కిడ్నీ జబ్బు వచ్చింది. సోమవారం నుంచి డయాలసిస్ అన్నారు డాక్టరు. దానికి ముందు శుక్రవారం పొద్దున్నే చూద్దును కదా, తన సైకిలుకు గాలి కొట్టుకుంటోంది. సముద్రం దాకా వెళ్తుందట.

మా అబ్బాయి బండి మీద దింపుతానన్నాడు. ఆమె గయ్యిమంది.

"సోమారం నుండి మీరే కదరా నన్ను మోసీది. ఇయ్యాల ఓపాలి నా కాళ్ళతో నన్నెల్లనీయండి."

ఆవిడది ఉడుం పట్టు. చేసేది లేక నేనూ నా పాత సైకిలు తీశాను.

తారు రోడ్డు చుట్టు తిరిగి పోతుంది. ఆవిడ జీడితోటల వెనక ఇసుక దారే పట్టింది. రెండు వైపులా దిబ్బలు, మధ్యలో వానలు లోతుగా కోసేసిన ఎండు గెడ్డలు, అంటే వాగులు. వయసులో ఆ దారినే సైకిళ్ళ మీద కొబ్బరికాయల బస్తాలు మోసేవాళ్ళం. మా దగ్గర ఒక పద్ధతి ఉండేది. ఇసుకలో ఎవరి సైకిలు కూరుకుపోతున్నా, వెనక వచ్చేవాడు అడక్కుండానే క్యారేజీ మీద చెయ్యి వేసి గట్టినేల దాకా తోస్తాడు. ముందువాడు వెనక్కి చూడడు. చూస్తే హ్యాండిలు తిరిగిపోతుంది.

గెడ్డ గట్టు ఎక్కుతుంటే నాకు ఊపిరి అందలేదు. దిగిపోదామనుకునేంతలో సైకిలు తేలికైంది. వెనక ఎవరో తోస్తున్నారు. ఆ ఒత్తిడి నాకు కొత్త కాదు. తోటలోంచి వచ్చిన రైతెవరో అనుకున్నాను.

అప్పుడే నాకు చాలా ముందున్న దమయంతి తల తిప్పకుండా అరిచింది.

"మావా, సెయ్యి తియ్యి. నానే తొక్కుతాను."

"నానిక్కడున్నానే, నీకందనంత ఎనకాల!" అన్నాను.

 ఆమె ఆ దిబ్బలు మారుమోగేలా కేకేసింది.

"ఎవులైతే నాకేటి! సెయ్యి తియ్యమన్నానా!"

ఆమె సైకిలు ఒక్కసారిగా ఇసుకలో కూరుకుంది. పడిపోతుందనుకున్నాను. కాలు ఆన్చి నిలదొక్కుకుంది. మళ్ళీ పెడలు మీద లేచి నిలబడి, మూలుగుతూ, ఎవరినో తిడుతూ గట్టెక్కింది.

నన్ను మాత్రం ఆ చెయ్యి పైదాకా తోసింది. దిగి చూస్తే వెనక ఎవరూ లేరు. ఎండలో మా రెండు సైకిళ్ళ చారలే ఉన్నాయి, ఆమె కాలు ఆన్చిన చోటు తప్ప ఒక్క అడుగు గుర్తయినా లేదు. గాలి అందామంటే, ఆ పొద్దు సముద్రపు గాలి మా మొహాన కొడుతోంది.

ఒడ్డున అలల్లో కాళ్ళు చాపుకుని కూర్చుని దమయంతి అడిగింది. "నిన్నూ తోసినాదా?"

అవునన్నాను.

"మరి నువ్వు తియ్యమన్నేదా? సిగ్గునేదు మావా నీకు!" అని కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వింది.

ఆ చెయ్యి ఎవరిదో నాకు ఈరోజుకీ తెలియదు. ఆవిడ పొమ్మంటే అది పోయింది. జబ్బు పోవడం లేదు. అయినా రోజూ పొమ్మంటూనే ఉంది.