ఫొటో బాబాయి కనురెప్ప

వీధి మలుపులోని ఆ చిన్న స్టూడియోలో ఫొటో తీయించుకున్నవాళ్లెవరికీ సొంత మొహం దక్కలేదు. పుట్టుమచ్చ, మొటిమ, కళ్లకింద నలుపు, ఏదైనా సరే కంప్యూటర్ ముందు ఫొటో బాబాయి కూర్చుంటే మాయమైపోవాల్సిందే. వరసతో పనిలేకుండా అందరూ బాబాయి అని పిలిచే ఆ మనిషికి తన హస్తవాసి మీద అంత గురి.

అలాంటివాడి కుడి కనురెప్ప మీద శనగగింజంత గడ్డ లేచింది. నొప్పి లేదు గానీ, కెమెరాకి కన్ను ఆనిస్తే రెప్ప బరువుగా వాలిపోతోంది.

"రెప్పలో నూనె గ్రంథి మూసుకుపోయింది," అంది కళ్ల డాక్టరమ్మ. "గోరువెచ్చటి నీళ్లలో ముంచిన గుడ్డతో పూటపూటా పది నిమిషాలు కాపడం పెట్టండి. ఆ తర్వాత మెల్లగా నిమరండి, చిదమొద్దు. కరక్కపోతే చిన్న కోత పెట్టి తీసేస్తాను. రెండు వారాలయ్యాక ఫొటో పంపండి, చూసి చెబుతా."

కోత అనగానే బాబాయికి ముచ్చెమటలు పోశాయి. సూది పేరెత్తితేనే గోడ పట్టుకునే మనిషి. అయినా కాపడం మూణ్ణాళ్ల ముచ్చటే అయింది.

"నా దగ్గర మచ్చ పోవడానికి ఇంతసేపు పడుతుందటే?" అని భార్య మీద విసుక్కున్నాడు.

"మీ దగ్గర పోయేది బొమ్మలో మచ్చండీ. ఇంటికెళ్లి అద్దం చూసుకుంటే అక్కడే ఉంటుంది" అంది ఆవిడ, వేడినీళ్ల గిన్నె ముందుకు తోస్తూ.

గడువు నాటికి ఫొటో తీసుకున్నాడు. అలవాటు కొద్దీ ముందు కంప్యూటర్లోకి ఎక్కించి వెలుతురు సరిచేశాడు. ముడతలు తీశాడు. చెయ్యి ఊరుకుంటుందా? గడ్డ మీదకీ పాకింది. పనిలో పనిగా మీసం కూడా నల్లబడింది.

"భేష్! పూర్తిగా తగ్గింది. కాపడం ఆపేయొచ్చు" అని డాక్టరమ్మ జవాబు.

"చూశావా, డాక్టరే చెప్పింది!" అంటూ గిన్నె బోర్లించాడు.

"ఆవిడ చూసింది ఫొటోని. నేను చూస్తున్నది మిమ్మల్ని."

"నువ్వు డాక్టరువా, ఆవిడ డాక్టరా?"

నెల తిరిగేసరికి గడ్డ రేగిపండంత అయింది. భార్య రెక్క పట్టుకుని లాక్కెళ్లింది. డాక్టరమ్మ ఫోన్లో ఫొటోనీ, ఎదురుగా ఉన్న కన్నునీ మార్చి మార్చి చూసింది.

"ఈయన మీ తమ్ముడా?"

"కాస్త... టచప్ చేశానండి" అని బాబాయి నేలచూపులు చూశాడు.

"మీ టచప్ నాకు తెలీదా! బయట బోర్డు మీద నా ఫొటో మీరు తీసిందే. వచ్చినవాళ్లంతా నన్ను చూసి, 'బోర్డు మీదున్న చిన్న డాక్టరమ్మ ఎప్పుడొస్తారు' అని అడుగుతున్నారు. ఇంకొక్కసారి కాపడంతోనే చూద్దాం. ఈసారి ఫొటో వద్దు, మనిషే రండి. కత్తి సిద్ధంగా ఉంచుతాను."

మందుకంటే కత్తి మాట బాగా పనిచేసింది. అర్జెంటు ఫొటోకి వచ్చినవాళ్లని కూడా కూర్చోబెట్టి, కంటిమీద వేడిగుడ్డతో బాబాయి బుద్ధిగా కాపడం పెట్టుకున్నాడు. కోత దాకా పోకుండానే గడ్డ కరిగిపోయింది.

ఆ సంతోషంలో డాక్టరమ్మకి బోర్డు కోసం కొత్త ఫొటో తీసిచ్చాడు. ఒట్టు, ఈసారి వెంట్రుక కూడా కదపలేదు.

ఆవిడ దాన్ని చాలాసేపు చూసింది. తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అంది: "కళ్లకింద ఆ నలుపు మాత్రం కాస్త చూడండి బాబాయ్."