రెండో కన్ను

బట్టలకు రంగులద్దే ఆ ఫ్యాక్టరీలో అన్నిటికంటే చిన్నది రంగు గది. ఒక బల్ల, దాని మీద లైటు పెట్టె, వెనక బూడిదరంగు పూసిన గోడ. అంతే. అద్దకం నుంచి ఒక్కో విడతగా వచ్చే ప్రతి లాటులోంచీ ఒక ముక్క కత్తిరించి అక్కడికి తెస్తారు. కొనేవాళ్ళు పంపిన నమూనాతో దాని రంగు కలిసిందో లేదో ఇద్దరు తేల్చాలి. ఎరుపును అదేపనిగా చూసిన కంటికి కాసేపటికి ఎరుపు మొద్దుబారిపోతుంది, అందుకని ఒక్కరి కన్నును నమ్మరు. ఇద్దరూ ముందు గోడ వైపు తిరిగి, ఆ బూడిదరంగులో కళ్ళు కడుక్కుంటున్నట్టు నిలబడతారు. తర్వాత ఒకేసారి బల్లవైపు తిరిగి చూస్తారు. ఒకేసారి పైకి చెబుతారు: "కలిసింది", లేకపోతే "లేదు". ఒకరి మాట విని రెండోవాళ్ళు చెప్పకూడదు. ఇద్దరి మాటా ఒకటైతేనే లాటు బయటికి కదులుతుంది.

ఆ గదిలో రంగు చూసేవాళ్ళలో ఒకామెకు డేగమ్మ అని పేరు. ఆ పేరు పెట్టింది పెద్దక్క. వరసకు ఏమీ కాదు, గదిలో అందరికంటే పాత మనిషి కాబట్టి అందరికీ పెద్దక్కే. డేగమ్మకు పని నేర్పిందీ ఆవిడే. కొత్తలో ఓ నీలం ముక్కలో తనకు కూడా అందని తేడా ఈ పిల్ల పట్టేస్తే, "ఏం కళ్ళే తల్లీ! డేగ కళ్ళు" అని మెటికలు విరిచింది. ఆ రోజు నుంచి ఇద్దరూ జంట. గోడకు ఎదురుగా నిలబడ్డ ఆ కాస్త సేపట్లోనే కోడళ్ళ గొడవలూ, మోకాళ్ళ నొప్పులూ, ఎవరికి ఎన్నో నెలో అన్నీ మాట్లాడేసుకునేవాళ్ళు.

పాప పుట్టి, సెలవు ముగించుకుని వచ్చేసరికి డేగమ్మకు ఆ గదిలో చోటు లేదన్నారు. పెద్దక్క ముందే, మేనేజరు నవ్వుతూ చెప్పాడు.

"పసిబిడ్డ తల్లివి. రాత్రుళ్ళు నిద్ర ఉండదు, కళ్ళు లాగేస్తుంటాయి. నీ మంచికే చెబుతున్నానమ్మా, ప్యాకింగులో కూర్చో. అక్కడ కళ్ళు మూసుకుని కూడా పని చెయ్యొచ్చు."

"ఒక్కసారి నా కళ్ళు పరీక్ష చేయించండి సార్."

"పరీక్షలెందుకు, మాకు తెలీదా? మాకూ పిల్లలున్నారు."

ఆయనకు పిల్లలు పుట్టినప్పుడు ఆయన కుర్చీ ఎవరూ జరపలేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. ప్యాకింగులో కూర్చుంది, జీతం తగ్గింది. అది కూడా ఓర్చుకునేదేమో. కానీ ఒక సాయంత్రం ఇంట్లో పాప గౌను ఉతుకుతూ, ఈ గులాబీకి పక్కన ఏ గులాబీ పెడితే తేడా తెలుస్తుందా అని ఆలోచిస్తూ చెయ్యి ఆపేసింది. మర్నాడే వకీలు దగ్గరికి వెళ్ళింది.

కేసు నడిచింది. సాక్ష్యానికి పెద్దక్కను పిలిచారు. "ఈమెను తీసేసేటప్పుడు మేనేజరు ఏమన్నారో విన్నారా?" అని అడిగితే, పెద్దక్క చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "నేను వినలేదు. నేనేం చూడలేదు" అంది. ఆ మాట అన్నప్పుడు ఆవిడ మేనేజరు వైపూ చూడలేదు, డేగమ్మ వైపూ చూడలేదు.

అయినా డేగమ్మే గెలిచింది. బిడ్డను కన్నదన్న కారణంతో పనిలోంచి దించడం నేరమని కోర్టు తేల్చింది. యాజమాన్యానికి జరిమానా వేసింది. తగ్గించిన జీతం తిరిగివ్వమంది. అదే గదిలో, అదే బల్ల దగ్గర, అదే జంటతో పని ఇమ్మంది. తీర్పు అందరూ చదివేలా గేటు దగ్గర అంటించమంది. ఇదే తప్పు మళ్ళీ చేస్తే జరిమానా రెట్టింపు అవుతుందనీ, మేనేజరు జైలుకు కూడా వెళ్ళాల్సి రావచ్చనీ హెచ్చరించింది.

కోర్టు మెట్లు దిగుతూ వకీలు, "ఇంక నిశ్చింతగా ఉండమ్మా. నీ జోలికి ఎవరూ రారు" అన్నాడు. రెండు మెట్లు దిగి మళ్ళీ ఆగాడు. "ఒక్కటి మాత్రం గుర్తుపెట్టుకో. పని నిజంగా పాడుచేస్తే చట్టం అడ్డురాదు. తప్పు లాటు వదిలావంటే అది వాళ్ళ వివక్ష కాదు, నీ పొరపాటు. వాళ్ళు ఎదురుచూసేది దానికోసమే."

జోలికి ఎవరూ రారన్నది అక్షరాలా నిజమైంది. క్యాంటీనులో ఆమె పళ్ళెం పెట్టుకున్న బల్ల దగ్గరికి ఎవరూ రాలేదు. ఆమె వెళ్ళి కూర్చున్న చోట మాటలు ఆగిపోయేవి. "కాస్త జరిగి కూర్చోవే, మోచెయ్యి తగిలితే కేసు పెట్టగలరు" అని ఒకతి. "నాకు తుమ్మొస్తోంది, తుమ్మొచ్చా? వకీలును అడగాలా?" అని ఇంకొకతి. అందరూ నవ్వేవాళ్ళు. ఒకసారి డేగమ్మ కూడా నవ్వబోయింది. ఆమె నవ్వు మొదలయ్యేసరికి మిగతావాళ్ళది అయిపోయింది.

వాళ్ళ కోపానికి కారణం లేకపోలేదు. జరిమానా కట్టిన వారంలోనే, పనివాళ్ళను మెయిన్ రోడ్డు దగ్గర దింపే సాయంత్రం వ్యాను తీసేశారు. జరిమానా కోసమని ఎవరూ అనలేదు, డీజిలు ఖర్చన్నారు. కానీ అందరికీ లెక్క అర్థమైంది. పొద్దంతా నిలబడ్డ కాళ్ళతో మెయిన్ రోడ్డు దాకా నడవాలి. అందరూ గుంపుగా ముందు నడిచేవాళ్ళు, మోకాళ్ళు పట్టుకుంటూ పెద్దక్క. వాళ్ళ వెనకాల, మాటలు వినపడేటంత దగ్గరగానూ కాకుండా, తప్పిపోయినట్టు కనపడేటంత దూరంగానూ కాకుండా, డేగమ్మ.

అన్నిటికంటే కష్టం రంగు గదిలోనే. కోర్టు చెప్పినట్టే పెద్దక్కను జంటగా ఇచ్చారు. ఇద్దరూ గోడకు ఎదురుగా నిలబడేవాళ్ళు. ఊపిరి తప్ప ఇంకే చప్పుడూ ఉండేది కాదు. పూర్తిగా తిరగకముందే పెద్దక్క "కలిసింది" అనేసేది. ప్రతిసారీ అదే. ముక్క మీద చూపు ఆనకుండానే. డేగమ్మ "లేదు" అంటే, "అయితే లేదు" అని భుజం ఎగరేసేది.

అంటే రెండో కన్ను లేదు. పక్కన మనిషి ఉంది, కన్ను లేదు. ఏ లాటు తప్పిపోయినా తనొక్కతే తప్పినట్టు. డేగమ్మ రోజూ రెండు కళ్ళ పని ఒక్కతే చేసి, ఇంటికొచ్చి దీపం వంక చూడలేక కళ్ళు మూసుకుని పాపకు అన్నం పెట్టేది.

ఒక రాత్రి పాపకు జ్వరం వచ్చింది. తెల్లవార్లూ తడిగుడ్డ వేస్తూ కూర్చుంది.

"ఈ పూటకి మానెయ్యవే," అన్నాడు భర్త. లిఫ్టులు బాగుచేసే పని అతనిది.

"మానేస్తే 'చూశారా, మేం ముందే చెప్పాం' అంటారు."

"సరే, నేనుంటాలే. నా లిఫ్టులు ఓ పూట కింద కూర్చుంటే కొంపలేం మునగవు." ఫోను చేసి సెలవు అడిగాడు. అవతల నుంచి ఏమన్నారో గానీ కాస్త సిగ్గుపడుతూ ఫోను పెట్టేశాడు. "మంచి తండ్రివయ్యా అంటున్నారు."

డేగమ్మ చెప్పులు వేసుకుంది.

ఆ రోజు వచ్చినవన్నీ ఎరుపులే. మధ్యాహ్నం ఓ మెరూన్ లాటు తొందరగా పోవాలని మేనేజరు స్వయంగా ముక్క తెచ్చి బల్ల మీద పెట్టి, గుమ్మం బయట నిలబడ్డాడు. ఇద్దరూ గోడవైపు తిరిగారు. బూడిదరంగులో కూడా డేగమ్మకు ఎర్రటి మరకలు ఈదుతున్నాయి. పాప నుదురు గుర్తొచ్చింది. తిరిగింది. చూసింది.

"కలిసింది," అంది.

"లేదు."

అదే క్షణంలో, ఆమె మాట మీదే వచ్చి పడింది ఆ మాట. తనదేమో అనుకుంది ఒక్క లిప్త. పెద్దక్క బల్ల మీదికి వంగి ఉంది. నిజంగా చూస్తోంది.

"ఎరుపు ఎక్కువైంది," అంది గొంతు తగ్గించి. "ఇంత తేడా నీకు కనపడట్లేదా?"

డేగమ్మ మళ్ళీ చూసింది. అప్పుడు కనిపించింది. బల్ల అంచు పట్టుకుంది. "పాపకి జ్వరం అక్కా. నిద్ర లేదు" అంది. పెద్దక్క ఆమె కళ్ళల్లోకి చూసింది. ఇన్నాళ్ళలో మొదటిసారి.

"ఏమైంది? కలిసిందా?" మేనేజరు లోపలికి తల పెట్టాడు. "ఏదో వినపడింది."

"కలవలేదు," అంది పెద్దక్క. "ఇద్దరం చూశాం. ఇద్దరం లేదన్నాం. మళ్ళీ అద్దమనండి."

ఆయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు. ముక్క తీసుకుని వెళ్ళిపోయాడు.

"అక్కా..."

"పోయి మొహం కడుక్కురా," అంది పెద్దక్క.

సాయంత్రం గుంపు ఎప్పటిలాగే ముందు నడిచింది. ఎవరో కేసు మీద ఏదో జోకు వేశారు, నవ్వులు వెనక్కి వినిపించాయి. పెద్దక్క వెనక్కి తిరగలేదు. నడక కూడా తగ్గించలేదు. డేగమ్మ తన దూరంలో తను నడిచింది. గేటు దగ్గర తీర్పు కాగితం ఎండకు పసుపెక్కి, ఓ మూల లేచి గాలికి కొట్టుకుంటోంది.

మర్నాడు పాప జ్వరం దిగింది. మొదటి ముక్క వచ్చింది, ఆకుపచ్చది. ఇద్దరూ గోడకు ఎదురుగా నిలబడ్డారు, మాటల్లేకుండా. తిరిగారు. డేగమ్మ అలవాటు కొద్దీ, ముందే వచ్చి పడే ఆ "కలిసింది" కోసం ఎదురుచూసింది.

అది రాలేదు. పెద్దక్క ముక్కను చూస్తోంది. డేగమ్మతో ఒకేసారి చెప్పడానికి ఆగి, చూస్తోంది.