పొత్తు గదికి పంపిన పులిహోర

మా ఊళ్ళో కీటా మధ్యాహ్నం రెండింటికి మూసేస్తారు. కీటా అంటే పిల్లల్ని బడి వయసు వచ్చేదాకా పగటిపూట చూసుకునే చోటు. రెండు దాటాక వెళితే టీచరమ్మ పల్లెత్తు మాట అనదు. మన పిల్లకి బూట్లు తొడిగి, కోటు వేసి, తనూ కోటు వేసుకుని, తాళంచెవి చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంటుంది. తిట్టినా బాగుండునని నేను చాలాసార్లు అనుకున్నాను.

జర్మనీలో కైసర్స్‌లౌటర్న్ నుంచి రైల్లో అరగంట ప్రయాణం మా ఊరికి. చుట్టూ ద్రాక్షతోటలు, మధ్యలో ఒక చర్చి, ఒక సూపర్‌మార్కెట్టు. అద్దెలు తక్కువని మన తెలుగు కుటుంబాలు ఒకదాని వెనక ఒకటి ఇక్కడికి చేరాయి. మా ఆయన ఇంగోల్‌స్టాట్‌లో కార్ల ఇంజనీరు. సోమవారం తెల్లవారకముందే రైలెక్కితే మళ్ళీ ఇంటి మొహం చూసేది శుక్రవారం సాయంత్రమే. నేను చదివింది మైక్రోబయాలజీ. పాప పుట్టాక ఆ చదువంతా అటకెక్కింది. అలాంటిది, కైసర్స్‌లౌటర్న్‌లో ఒక ల్యాబ్ వాళ్ళు ఇంటర్వ్యూకి పిలిచి, ఉద్యోగం ఇస్తామన్నారు. పని సాయంత్రం నాలుగు దాకా. పాప సంగతి చెబితే, అక్టోబరు దాకా మీ కోసం ఆగుతాం, ఈలోపు ఏర్పాటు చేసుకోండి అన్నారు. ఏళ్ళ తరబడి ఇంట్లో కూర్చున్న మనిషి కోసం ఎవరైనా ఆగుతారా? వాళ్ళు ఆగారు. నాకు కావలసిందల్లా ఆ కీటా రెండింటికి కాకుండా అయిదింటికి మూయడం.

ఆ వేసవిలో మా ఊరి కౌన్సిల్ ఎన్నికలు వచ్చాయి. అప్పటికి కొన్ని నెలల ముందే నాకు జర్మన్ పౌరసత్వం వచ్చింది. ఓటు ఉందన్న గర్వం ఒకటి, ఉద్యోగం వస్తుందన్న ఆశ ఒకటి, రెండూ కలిసి నన్ను నిలవనీయలేదు.

మా అందరికీ పెద్దదిక్కు ఒక అంకుల్ ఉండేవారు. ఇప్పటికీ ఉన్నారు, మా మధ్య మాటలే లేవు. గుంటూరు నుంచి కుర్రతనంలోనే వచ్చి, ఈ ఊళ్ళోనే డాక్టరుగా పనిచేసి రిటైరయ్యారు. ఊళ్ళో సగం మంది జర్మన్లు ఆయన చేత సూది పొడిపించుకున్నవాళ్ళే. ఒక చిన్న పార్టీ ఆయన్ని తన జాబితాలో చేర్చుకుంది, అదీ బాగా అడుగున, చూడటానికి బాగుంటుందని. ఆయన మా ఇంటికొచ్చి, పెసరట్టు తిని, చేయి కడుక్కుంటూ అన్నారు.

"కీటా సంగతి నాకొదిలెయ్యమ్మా. అయిదింటిదాకా తెరిపించకపోతే నన్నడుగు. నువ్వు మాత్రం మనవాళ్ళందర్నీ కూడగట్టాలి."

కూడగట్టాను. ఇక్కడి స్థానిక ఎన్నికల్లో ఒక వెసులుబాటు ఉంది. కౌన్సిల్లో ఎన్ని సీట్లుంటే ఓటరుకి అన్ని ఓట్లు, వాటిలో ఒకే మనిషికి మూడు దాకా వేయొచ్చు. అలా జాబితాలో అడుగున పడి ఉన్నవాణ్ణి కూడా జనం పైకి లాగొచ్చు. ఓటు కాగితం దుప్పటంత ఉంటుంది, చూస్తేనే మనవాళ్ళకు కళ్ళు తిరిగాయి. పాపని బండిలో కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగి, భోజనాల బల్ల మీద నమూనా కాగితం పరిచి, "అంకుల్ పేరు పక్కన మూడు గళ్ళు, మూడు ఇంటూలు, అంతే" అని అందరికీ నేర్పాను. ఓటు లేనివాళ్ళని కూడా వదల్లేదు. పౌరసత్వం లేకపోయినా ఆ పార్టీలో సభ్యులుగా చేరొచ్చు. అంకుల్ బలం పెరుగుతుందని వాళ్ళందరితో సభ్యత్వం కట్టించాను. నేనూ చేరాను.

అడుగున ఉన్న అంకుల్, తన పార్టీ పెద్దల నెత్తి మీదుగా దూకి, కౌన్సిల్లోకి వచ్చిపడ్డారు. పెద్ద పార్టీలు రెండూ దాదాపు సమానంగా వచ్చి ఆగిపోయాయి. ఎవరికెన్ని ఓట్లొస్తే ఆ లెక్కన సీట్లు పంచే పద్ధతి ఇది, పూర్తిగా గెలిచినవాడంటూ ఎవడూ ఉండడు. అంకుల్ చిన్న పార్టీకి రెండే సీట్లు. కానీ ఆ రెండూ ఎటు వాలితే అటే ఊరు.

మేం ఏం చేశాం? మన తెలుగువాళ్ళం ఏం చేస్తామో అదే చేశాం. చర్చి హాలు అద్దెకి తీసుకుని సన్మానం పెట్టాం. శాలువా, పూలగుత్తి, పిల్లల డ్యాన్సులు. వందన సమర్పణ నాది. ఎన్నికలు అయిపోయాయి, మనం గెలిచాం అనుకున్నాం. ఇక్కడ ఓట్లు లెక్కపెట్టిన మర్నాడు అసలు ఎన్నిక మొదలవుతుందని, అందులో మనకి ఓటు ఉండదని మాలో ఒక్కరికీ తట్టలేదు. ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగం అన్నట్టుంది మా సంబరం.

పొత్తు చర్చలు అగ్నిమాపక కేంద్రం మేడ మీద గదిలో జరిగేవి. మూడు పార్టీల వాళ్ళు సాయంత్రాలు అక్కడ కూర్చునేవారు. గదిలో మాట గది దాటకూడదని ముందే ఒట్టు పెట్టుకుంటారట. నేను ఫోన్ చేసినప్పుడల్లా అంకుల్, "గట్టిగా పట్టుబట్టాను, అంతకంటే చెప్పకూడదమ్మా" అనేవారు. చెప్పకూడని ఆ మనిషే ఒకరోజు తనే ఫోన్ చేశారు.

"అమ్మా, వీళ్ళు ఎంతసేపూ ఉప్పు బిస్కెట్లు, సోడా నీళ్ళే. నీ పులిహోర ఒక పూట తింటే మెత్తబడతారు. కారం లేకుండా చేసి పెడతావా?"

చేశాను. చింతపండు పులుసు తగ్గించి, మిరపకాయలు పోపులో వేసి మళ్ళీ ఒక్కొక్కటే ఏరేసి, జీడిపప్పు ఎక్కువ వేసి, పెద్ద డబ్బా నింపి పంపాను. ఒకసారి కాదు. ఆ వేసవంతా, చర్చ ఉందంటే డబ్బా వెళ్ళాల్సిందే. పాపని చంకన వేసుకుని ఆ మేడ మెట్ల కింద దాకా నేనే తీసుకెళ్ళి ఇచ్చేదాన్ని. కిటికీలోంచి నవ్వులు వినిపించేవి. నవ్వుతున్నారు, మంచిదే, పని జరుగుతోంది అనుకునేదాన్ని. నా కంటే తెలివితక్కువ దాన్ని ఈ రాష్ట్రం మొత్తం మీద చూపించండి.

ఆగస్టు చివర్లో అంకుల్ మా ఇంటికొచ్చారు. శుభ్రంగా కడిగిన నా డబ్బా ఒక చేతిలో, అచ్చువేసిన ఒప్పందం ఇంకో చేతిలో. డబ్బా అంత బాగా కడిగి తెచ్చినప్పుడే నాకు అనుమానం రావలసింది.

కీటా గురించి రెండు వాక్యాలున్నాయి. మధ్యాహ్నం వేళల పొడిగింపును నిధులను బట్టి పరిశీలిస్తారట. అప్పటిదాకా, ఇంట్లోనే ఇరుగుపొరుగు పిల్లల్ని చూసుకునే తల్లుల్ని ఊరు ప్రోత్సహిస్తుందట. నేను పేజీలు తిప్పాను. పార్కింగ్ గురించి రెండు పేజీలు. ద్రాక్షల పండగకి కొత్త వేదిక. చివరి పేజీలో పదవుల పంపకం. మూడో ఉపమేయరు పదవి చిన్న పార్టీకి, దాని పక్కన అంకుల్ పేరు.

"అంకుల్, కీటా ఏది?" అన్నాను.

"ఉందిగా, పరిశీలిస్తారు. రాజకీయమన్నాక పట్టూ విడుపూ ఉండాలమ్మా. అది వదిలితేనే ఇది ఇస్తామన్నారు. మన తెలుగువాడు ఈ ఊరికి ఉపమేయరవడమంటే మాటలా? రేపు మన పిల్లలకి ఎంత గౌరవం."

"మీరు పట్టుకున్నది నా కీటా కాదు కదా, వదలడానికి మాత్రం అదే దొరికిందా?"

ఆయన నొచ్చుకోలేదు. పేషెంటు నోటికొచ్చినట్టు మాట్లాడితే డాక్టరు ఓపికపట్టినట్టు ఓపికపట్టారు. "నీకోసమే ఆ రెండో వాక్యం పెట్టించాను. ఇంట్లో పిల్లల్ని చూసుకునే పని నువ్వే చేయొచ్చు, చిన్న ట్రైనింగు తీసుకుంటే చాలు. పాప కళ్ళ ముందే ఉంటుంది" అన్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టడమంటే ఏమిటో నాకు అప్పటిదాకా సామెతగానే తెలుసు. ఆయన వెళ్ళాక ఆ డబ్బా చెత్తబుట్టలో పడేద్దామనుకుని, మంచి డబ్బా అని మళ్ళీ అలమరలో పెట్టుకున్నాను.

అయినా ఒక దారి మిగిలింది. ఒప్పందం మీద సంతకాలు పడాలంటే పార్టీ సభ్యుల సమావేశం చేతులెత్తి ఒప్పుకోవాలి. ఆ పార్టీలో జర్మన్ సభ్యులు కొద్దిమంది, వాళ్ళలోనూ కొందరు అంకుల్ తమ నెత్తి మీదుగా దూకారని గుర్రుగా ఉన్నారు. మిగతావాళ్ళు నేను చేర్పించిన తెలుగువాళ్ళు. మేమంతా కలిసి వద్దంటే ఒప్పందం వెనక్కి వెళుతుంది, కీటాని మళ్ళీ బల్ల మీదికి తేవాల్సిందే. మళ్ళీ పాపని బండిలో కూర్చోబెట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. అందరూ అవునన్నారు. అందరికంటే గట్టిగా అన్నది కరీంనగర్ నుంచి వచ్చిన నా స్నేహితురాలు. వాళ్ళ బాబూ మా పాపా కీటాలో ఒకే గదిలో ఉంటారు. తను ఇంటి నుంచే సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది, మధ్యాహ్నం మీటింగుల్లో బాబు వెనక నుంచి ఏడుస్తుంటాడు.

"నువ్వేం పరేషాన్ గాకక్కా, నేనున్న గదా. ఇద్దరం గల్సి లేస్తం" అంది.

సమావేశం ఒక ద్రాక్షతోట యజమాని హాల్లో జరిగింది. ముందు వరసలో అంకుల్ భార్య, మా ఆంటీ, పట్టుచీర కట్టుకుని కూర్చున్నారు. అధ్యక్షుడు ఎవరైనా మాట్లాడతారా అన్నాడు. నేను లేచాను. రాసుకుని, అద్దం ముందు బట్టీపట్టిన జర్మన్‌లో, ఈయనకు మేం ఓట్లు వేసింది కీటా కోసం, పదవి కోసం కాదు అన్నాను. ఆ గదిలో ఎవరికి అమ్మారో ఎంతకి అమ్మారో మాకు చెప్పాలన్నాను. జర్మన్లు శ్రద్ధగా విన్నారు, ఇద్దరు బల్ల మీద వేళ్ళతో తట్టి మెచ్చుకున్నారు కూడా. మనవాళ్ళ వైపు చూశాను. ఒక్కరూ నా వైపు చూడటం లేదు. నా స్నేహితురాలు ఫోన్ చూసుకుంటోంది.

ఒప్పందానికి ఒప్పుకునేవాళ్ళు చేతులెత్తండన్నారు. తెలుగు చేతులన్నీ లేచాయి. అంకుల్ మీద గుర్రుగా ఉన్న జర్మన్లు వద్దన్నారు, వాళ్ళతో పాటు నేను. నేను నేర్పిన మూడు ఇంటూలతో గెలిచిన మనిషిని, నేను చేర్పించిన సభ్యులు గెలిపించారు. నా స్నేహితురాలి చెయ్యి ఎక్కడుందా అని వెతకక్కర్లేకపోయింది, నా పక్కనే లేచి ఉంది.

బయట కోట్లు తగిలించిన చోట తనని పట్టుకుని అడిగాను. ఎందుకిలా చేశావంటే గొంతు తగ్గించి అంది.

"గట్ల తెల్లోళ్ల ముందల మన పెద్దమనిషి ఇజ్జత్ తీస్తవా అక్కా? ఇంటి ముచ్చట ఇంట్ల మాట్లాడుకోవాలె. నువ్వు లేసి గట్ల మాట్లాడకపోతే నేను చెయ్యి లేపకపోదునేమో. ఎంతైనా మనోడు గదా."

అంటే, నేను నోరు మూసుకుని ఉంటే నా పక్షాన ఉండేవాళ్ళట. నోరు తెరిచి అడిగాను కాబట్టి ఓడించారట. అత్త కొట్టినందుకు కాదు తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందంటారు. అంకుల్ మోసానికి నాకు కోపం వచ్చింది గానీ ఏడుపు రాలేదు. ఏడుపు వచ్చింది అక్కడే, ఆ కోట్ల మధ్యన.

ల్యాబ్‌కి నేనే ఫోన్ చేసి రాలేనని చెప్పాను. అవతలి ఆవిడ, మీ ఊళ్ళో ఎన్నికలయ్యాయి కదా, ఏమైనా మారుతుందేమో చూడండి అంది. మారిందండీ, మాకు మూడో ఉపమేయరు వచ్చాడు అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు, శుభాకాంక్షలు చెప్పింది.

రెండో సన్మానం మొదటిదానికంటే ఘనంగా జరిగిందట. పులిహోర చేసి తెమ్మని ఆంటీ ఫోన్ చేశారు. చింతపండు లేదన్నాను.

అక్టోబరులో ఒక మధ్యాహ్నం, పాపని కీటా నుంచి తెచ్చి అన్నం పెడుతుంటే బెల్లు మోగింది. తలుపు తీస్తే నా స్నేహితురాలు. ఒక చేత్తో బాబుని, ఇంకో చేత్తో సంచీ పట్టుకుని ఉంది. సంచీలో ఇంట్లో వేసుకునే చెప్పులు, మారు బట్టలు, పాల సీసా. తలుపు అవతలే నిలబడి గబగబా చెప్పింది.

"అక్కా, నాకు ఇగ రోజూ మధ్యాహ్నం మీటింగులే. అంకుల్‌ని అడిగితే, నువ్వెట్లాగూ ఇంట్లనే ఉంటున్నవ్ గదా, నిన్నే అడగమన్నరు. ఊరోళ్ళు నీకు పైసలు గూడ ఇస్తరంట, ఒప్పందంల రాసుందంట గదా."

లోపలి నుంచి పాప బాబుని చూసి జర్మన్‌లో కేకేసి, చెంచా పడేసి పరిగెత్తుకొచ్చింది. వాడు అప్పటికే బూట్లు విప్పుకుంటున్నాడు.

గుమ్మంలోకి వచ్చిన మనిషిని లోపలికి రమ్మనకపోవడం మా ఇంటా వంటా లేదు. ఆ రోజు బాబు చేయి పట్టుకుని లోపలికి తీసుకుని, సంచీ అందుకుని, వాళ్ళమ్మ చూస్తుండగానే తలుపు వేశాను. తర్వాత పాప పక్కన వాడికీ పళ్ళెం పెట్టి అన్నం వడ్డించాను.