కాలువగట్టున ఏటిపాల

చందాపురలో మాది స్టీలు సామాన్ల అంగడి. సొట్టపోయిన బిందె తెచ్చినవాళ్ళకు దాన్ని తూకం వేసి, కొత్త బిందె అంటగట్టి పంపడం నాన్న దగ్గర నేర్చుకున్న విద్య. అమ్మ ఇచ్చిన బిందె అని వెనకాడేవాళ్ళను కూడా మాటలతో ఒప్పించేవాణ్ణి.

మా తొలి బిడ్డ పేరు పెట్టకముందే పోయింది. పసిబిడ్డల్ని కాల్చరు కాబట్టి ఇంటి వెనక కాలువగట్టున పూడ్చాం. అప్పటికి అక్కడ మా ఇల్లు తప్ప వేరే ఇళ్ళు లేవు. కుక్కలు తవ్వకుండా మామగారు పచ్చికొమ్మలు నరికి చుట్టూ పాతారు. వాటిలో ఒకటి చిగురించింది. అది ఏటిపాల. ఇక్కడి కన్నడంవాళ్ళు నీరంజి అంటారు. తడినేలలో కొమ్మ గుచ్చితే చాలు, బతికేస్తుంది. రెండు వానాకాలాలకే మా ప్రహరీ దాటింది.

నా భార్య రోజూ దానికి చెంబెడు నీళ్ళు పోసేది. కాలువ పక్కన చెట్టుకు నీళ్ళేమిటని నేను ఎగతాళి చేసినా, మర్నాడు మళ్ళీ చెంబు నింపేది.

నిరుడు కాలువకు కాంక్రీటు గోడ మంజూరైంది. వానొస్తే వీధి మునిగేది. గోడ కావాలని అడిగినవాళ్ళలో నేనూ ఉన్నాను. పోయిన నెల పని మొదలైంది. చెట్టు సరిగ్గా గోడ గీత మీద ఉంది. మేస్త్రీతో బేరానికి దిగాను. గోడ కాస్త వంచమన్నాను. కుదరదన్నాడు. నరికినా చెట్టు మొదలు మాత్రం ఉంచమన్నాను. తల ఊపాడు, అడ్డంగా. కొనేవాళ్ళు చివరికి ఒక చెంచా అయినా ఊరికే ఇమ్మని అడిగినట్టు, ఒక కొమ్మ ఇమ్మన్నాను. నవ్వి, నరికిచ్చాడు.

ఏదో గెలిచినవాడిలా దాన్ని ఇంటికి తెచ్చి, బకెట్లో పెట్టి, నా భార్యకు చెప్పుకొచ్చాను. ఊరి బయట మనం కొన్న సైటులో నాటుదాం, అక్కడ బోరు ఉంది, నీడకు కొదవ ఉండదు, అదే చెట్టు, ఇంకా ఏపుగా వస్తుంది అని. అంగడిలో మాట్లాడినట్టే మాట్లాడాను.

ఆమె అంతా విని, "కొమ్మ యాడ నాటినా బతుకుతాది. బిడ్డ ఈడనే కదా ఉండాది" అంది.

మర్నాడు జేసీబీ వచ్చింది. ఆమె కొంగు దోపుకొని దాని ముందుకు వెళ్ళింది.

"ఈ చోట మిషను వద్దప్పా. చేత్తో తవ్వండి. పసిబిడ్డ ఉండాది."

మేస్త్రీ ఆమె వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఇంజను ఆపించాడు. ఇద్దరు కూలీలు చెప్పులు విడిచి, పారలతో మెల్లగా తవ్వారు. వేళ్ళ మధ్య నల్లటి తడిమట్టి తప్ప ఏమీ కనబడలేదు. ఆమె చివరి పార దాకా నిలబడి చూసి, లోపలికి వెళ్ళి స్టవ్ వెలిగించింది.

బకెట్లో కొమ్మకు వేళ్ళు వచ్చాయి. నీళ్ళు నేనే మారుస్తున్నాను. ఎక్కడ నాటుదామని ఆమెను అడగడానికి నోరు రావడం లేదు.