పంటి పరీక్ష పాసైన కేబుల్

1996లో నన్ను నాచారంలోని ఒక ప్రభుత్వరంగ పరికరాల కర్మాగారంలో కేబుల్ తనిఖీ కమిటీకి కన్వీనరుగా వేశారు. అప్పటికి నా హోదా సీనియర్ టెక్నికల్ ఆఫీసర్. గొప్పలు చెప్పుకోవడం నాకు గిట్టదు గానీ, ఉప్పల్ చౌరస్తా నుంచి నాచారం దాకా ఈథర్‌నెట్ కేబుల్‌ను పంటితో కొరికి నాణ్యత చెప్పగల అధికారి ఆ రోజుల్లో నేనొక్కణ్నే.

డ్రాయింగు విభాగం కంప్యూటర్లనూ స్టోర్సు కంప్యూటర్లనూ కేబుల్‌తో కలపాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. అంతవరకు ఫ్లాపీ పట్టుకుని ప్యూను నడిచేవాడు. అదే మా నెట్‌వర్కు. వాన వస్తే నెట్‌వర్కు సైకిల్ షెడ్డు కింద ఆగేది.

సరఫరా ఆర్డరు ఉప్పల్‌లో చిన్న ఎలక్ట్రికల్ దుకాణం నడిపే యాదగిరికి దక్కింది. కేబుల్ డబ్బాను స్కూటరు వెనక కట్టుకుని ఆయనే తెచ్చాడు. డబ్బా మీంచి వేలాడుతున్న బూడిదరంగు తీగ అందుకుని, కమిటీ మొత్తం చూస్తుండగా కొరికి, కాస్త నమిలి, రాగి మంచిదేనని ప్రకటించాను. స్టోర్సు వాళ్లు ముక్కున వేలేసుకున్నారు. ఆ తర్వాత చాలాకాలం క్యాంటీన్‌లో నా పళ్ల గురించి గౌరవంగా మాట్లాడుకున్నారు.

ఇక్కడ కొంచెం నిజం కలపాలి. తీగ తొడుగు ఒలిచే పనిముట్టు స్టోర్సు బీరువాలో ఉంది. బీరువా తాళంచెవి స్టోర్‌కీపరుతో పాటు సెలవులో ఉంది. అందుకే పళ్లు. రాగి రుచి ఎలా ఉంటుందో నాకు ఇప్పటికీ తెలియదు.

అసలు తనిఖీ చేసింది సైంటిఫిక్ అసిస్టెంటు సుజాత. విజయవాడ అమ్మాయి, మాట తక్కువ. డబ్బా విప్పి, చుట్ట లోపలి నుంచి ముక్క కోయించింది. ముందు తొడుగు మీది అక్షరాలు చూసింది. కేబుల్ ఏ తరగతిదో చెప్పే కేటగిరీ, తీగ మందం అచ్చుపడి ఉండాలి, తడి వేలితో రుద్దితే చెరగకూడదు. తర్వాత తీగను బ్లేడుతో గీకింది. లోపల తెల్లగా కనిపిస్తే అది రాగి కాదు, రాగి పూత. అయస్కాంతానికి అంటుకుంటే ఇనుము. అన్నిటికన్నా ముఖ్యం మెలిక. లోపల నాలుగు జంటల తీగలుంటాయి. ప్రతి జంటా బిగువుగా పెనవేసుకుని ఉండాలి, ఒక జంట మెలికకూ ఇంకో జంట మెలికకూ తేడా ఉండాలి. అలా ఉంటేనే బయటి రొద రెండు తీగల మీదా సమానంగా పడి చెల్లిపోతుంది, పక్క జంట మాటలు ఇందులోకి దూరవు. టెలిఫోన్ తీగలో ఈ మెలిక వదులుగా ఉంటుంది. అన్నీ చూసి ఆమె సరే అంది. నేను సంతకం చేశాను.

కేబుల్ పరిచే పని వైర్‌మన్ మల్లేశంది. మా కర్మాగారంలో ప్యానెల్ వైరింగుకు ఒక సంప్రదాయముంది. తీగలన్నీ దువ్వినట్టు సమాంతరంగా పేర్చి, మైనపు దారంతో కట్టాలి. వంకర కనిపిస్తే తనిఖీలో తిప్పి పంపేవారు. నెట్‌వర్కూ అంతే శుభ్రంగా ఉండాలని నేను ఆజ్ఞాపించాను. మల్లేశం ప్రతి సాకెట్ దగ్గరా తొడుగు జానెడు తీసి, మెలికలన్నీ విప్పి, తీగలను ఇస్త్రీ చేసినట్టు సాపు చేసి కట్టాడు. జనరల్ మేనేజరు చూసి ముచ్చటపడ్డారు.

ప్రారంభోత్సవం రోజున డ్రాయింగు విభాగం నుంచి పంపిన ఫైలు స్టోర్సుకు చేరలేదు. ఫ్లాపీతో బయలుదేరిన ప్యూను దారిలో టీ తాగి మరీ చేరాడు.

ప్రభుత్వరంగంలో తప్పు జరిగితే, తిరిగి జవాబు రాయలేని వాళ్ల మీద వేయడం ఆనవాయితీ. కేబుల్ జవాబు రాయలేదు. సరుకు నాసిరకమనీ, సరఫరాదారును బ్లాక్‌లిస్టులో పెట్టాలనీ సిఫారసు రాశాను. ఆ లిస్టు ఎక్కితే నాచారం, ఉప్పల్ కర్మాగారాలన్నిటి గేట్లూ యాదగిరికి మూసుకుంటాయి. మర్నాడే ఆయన వచ్చాడు.

"సార్, మీరే కొరికి పాస్ చేసిన్రు. ఇప్పుడు మీ పండ్లే అబద్ధమాడినయంటరా? నా పేరు గా లిస్టుల వడితే దుకాణం బందువెట్టుకొని పోవాలె."

పళ్లకు కమిటీ బాధ్యత వహించదని చెప్పాను.

సుజాత ఈ సంభాషణ విని, పక్క ల్యాబు నుంచి టెస్టర్ మీటరు అరువు తెచ్చింది. ఒక జంట మాటలు ఇంకో జంటలోకి ఎంత కారుతున్నాయో చెప్పే మీటరది. వేసిన లైను ఫెయిలైంది. ఆమె రెండు చివర్లూ కోయించి, మెలిక సాకెట్ నోటి దాకా ఉంచి మళ్లీ బిగించింది. అదే కేబుల్ పాసైంది.

"కేబుల్‌కి జబ్బేం లేదు సార్. మనమే జడ విప్పేసి దువ్వాం," అంది.

ఈ సంగతి కనిపెట్టింది నేనేనని బంధువుల్లో చాలాసార్లు చెప్పాను. నిజానికి ఆ సమయంలో నేను సిఫారసులోని ఇంగ్లీషును ఇంకాస్త ఘాటుగా దిద్దుతున్నాను. తర్వాత దాన్ని చించేసి, ప్రారంభదశ సర్దుబాట్లు పూర్తయ్యాయని ఇంకోటి రాశాను. యాదగిరి దుకాణం నిలిచింది. మల్లేశం మాత్రం అలిగాడు. ఇన్నేళ్ల సర్వీసులో పని అందంగా చేసినందుకు తిట్లు తినడం అదే మొదలట.

నేర్చుకున్నది ఇది. కేబుల్ నాణ్యత సగం డబ్బాలో ఉంటుంది, సగం చివర్ల దగ్గర ఉంటుంది. విప్పిన మెలిక గోరు వెడల్పు దాటకూడదు. పరిచాక మీటరుతో చూడనిదే సంతకం చేయకూడదు. చూపుకు మరీ అందంగా ఉన్న వైరింగును ముందు అనుమానించాలి.

ఇదంతా రాసిన కాగితాలు మొన్న పీర్జాదిగూడలో ఉంటున్న యాదగిరికి చదివి వినిపించాను. బుద్ధిగా విన్నాడు. చివర్లో, ఆ కొరికిన ముచ్చట మళ్లోసారి చదవమన్నాడు. చదివాను.

"సార్, మీరు కొరికింది గా కేబుల్ కాదు. డబ్బ స్కూటర్ మీదికెల్లి జారకుంట నేను కట్టిన పాత టెలిఫోన్ వైరు."

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగాను.

"తాడే పాసైనంక, డబ్బల ఉన్నది పాస్ గాదా అని ఊకున్న."