పాల దుకాణం గట్టులో నొక్కు

దెయ్యాలను నేనెప్పుడూ నమ్మలేదు. మా ఆవిడ నమ్ముతుంది, మా అత్తగారు ఇంకా గట్టిగా నమ్ముతారు. వాళ్లిద్దరి నమ్మకం ఇంటిల్లిపాదికీ సరిపోతుంది కాబట్టి నాకు ఆ అవసరం రాలేదు. పైగా నా వృత్తే కొలతలు తీయడం. కొలతకు అందనిది లోకంలో లేదన్న పొగరు నాకు కాస్త ఎక్కువే.

నేను కొలిచేవి వంపులు. తిన్నగా ఉన్న వంటగది గట్టునైతే టేపు పట్టి ఎవరైనా కొలుస్తారు. గుండ్రంగా తిరిగిన గోడో, విల్లులా వంగిన కౌంటరో ఎదురైనప్పుడు నన్ను పిలుస్తారు. ఇదివరకు ఆ పనికి అట్టముక్కలు కత్తిరించి, అతికించి, నానా తంటాలు పడేవారు. ఇప్పుడు నా దగ్గర ఒక పెట్టె ఉంది. అందులోంచి సన్నని తీగ వస్తుంది, దాని చివర పెన్ను ఉంటుంది. పెన్ను మొనను అంచుకు ఆనించి మీట నొక్కితే లాప్‌టాప్‌లో ఒక చుక్క పడుతుంది. అంచు పొడవునా అలా చుక్కలు పెట్టుకుంటూ పోతే వంపంతా తెర మీదికి వస్తుంది. ఆ బొమ్మ చూసే కోత మిషను గ్రానైట్‌ను కోస్తుంది. మనిషి అబద్ధమాడతాడు గానీ పెట్టె అబద్ధమాడదని నేను అందరికీ చెప్పేవాణ్ని.

శాలిబండలో యాదగిరి పాల దుకాణం సరిగ్గా సందు మలుపులో ఉంటుంది. సందు ఎలా తిరిగితే కౌంటరూ అలాగే తిరిగింది. పైనున్న పాత షాబాద్ బండ పగిలిపోతే తీసేశారు. కింద ఇటుక గోడ మిగిలింది. దాని మీద నల్ల గ్రానైట్, అతుకు లేకుండా ఒకే పలక కావాలన్నాడు యాదగిరి. అంత పొడవు పలక గోదాములో ఒక్కటే దొరికింది. కోత తప్పితే ఇంకోటి లేదు. బోనాలు దగ్గర పడుతున్నాయి. ఆ సందడిలో దుకాణం మూసి ఉంటే పరువే కాదు, బేరమూ పోతుందని అతని భయం.

పొద్దున పాల రద్దీ తగ్గాక పని మొదలుపెట్టాను. పలకలు బిగించే సలీం భాయ్ పక్కనే ఉన్నాడు. వీధి వైపు అంచు చక్కగా వచ్చింది. లోపలి వైపు, అంటే అమ్మేవాళ్లు కూర్చునే వైపు, బొమ్మలో ఒకచోట నొక్కు పడింది. అర్ధచంద్రాకారంలో, పళ్లెం అంత.

గోడ చూశాను. నొక్కు లేదు. అరచేత్తో తడిమాను, ఎక్కడా లోతు తగల్లేదు. పెన్ను ఇటుకలోకి దూరితే తప్ప ఆ చుక్కలు అక్కడ పడవు.

మళ్లీ కొలిచాను. మళ్లీ అక్కడే నొక్కు. తీగ ఎక్కడో పట్టుకుందేమోనని సలీం భాయ్‌ని దాన్ని ఎత్తి ఉంచమని, రెండో చివర నుంచి మొదలుపెట్టాను. అదే నొక్కు. పెట్టె ఆపి, టీ తాగొచ్చి ఇంకోసారి కొలిచాను. ఈసారి నొక్కు కాస్త పెద్దదైంది.

“నజర్ లగ్ గయీ భాయ్,” అన్నాడు సలీం, పెట్టెకు దిష్టి తగిలిందని. పక్క కొట్టుకు వెళ్లి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు గుచ్చిన దండ తెచ్చి పెట్టెకు కట్టాడు. లక్షణంగా ఇంజనీరింగ్ చదివినవాణ్ని, ఇదేం చోద్యమని కోప్పడ్డాను. దండ మాత్రం విప్పలేదు.

ఈ గోల విని యాదగిరి వాళ్లమ్మ బాలమ్మ పైనుంచి దిగొచ్చింది. వాళ్లాయన మల్లయ్య పోయి ఏడాది కూడా కాలేదు. ఆమె లాప్‌టాప్ మీదికి వంగి చాలాసేపు చూసింది.

“గిది ఎవరు గీసిన్రు? గీడనే కూసుండెటోడు మా ముసలాయన. గిది ఆయన పొట్టకు జాగ.”

నేనూ, సలీం భాయ్, యాదగిరీ మొహాలు చూసుకున్నాం.

“బండ కడుపుకు ఒత్తుతది, జరంత కొట్టిపిస్త అని రోజూ ఒకటే లొల్లి,” అంది. “నేనే వద్దన్న. బండనెందుకు కొట్టుడు, పెరుగన్నం జర తక్కువ తిను అన్న. గట్లనే పాయె.” అంటూ నవ్వింది. నవ్వుతూనే కొంగుతో కళ్లు తుడుచుకుంది.

నేను పెట్టె తప్పు అయ్యుంటుందని చెప్పాను. ఆ మాట నా నోటి నుంచి రావడం అదే మొదటిసారి. ఆ నాలుగు చుక్కలు తుడిచేసి, గీత నున్నగా కలిపేస్తానన్నాను. యాదగిరికి ప్రాణం లేచొచ్చింది.

“గదే చెయ్యుండ్రి సార్. ఒక్కటే పలక ఉన్నది. ఖరాబైతే బోనాలకు దుకాణం బంద్. గిరాకీకి వచ్చినోళ్లు గూడ నవ్వుతరు.”

బాలమ్మ నా చెయ్యి పట్టుకుంది. “బతికున్నన్ని దినాలు వద్దన్న. ఇప్పుడన్న కొయ్యుండ్రి బిడ్డా.”

యాదగిరి వైపు చూశాను. అతను వాళ్లమ్మను చూసి, తల దించుకుని, పొట్ట మీద బిగిసిన తన చొక్కా గుండీని పరీక్షించాడు.

“కొయ్యుండ్రి సార్,” అన్నాడు చివరికి. “ఎట్లైనా నాకు పనికొస్తది.”

పలక నొక్కుతో సహా కోతై వచ్చింది. సలీం భాయ్ నొక్కు మేరకు ఇటుకను చెక్కి, బిస్మిల్లా అని దాన్ని గోడ మీదికి దించాడు. ఎక్కడా గీటు పడకుండా కూర్చుంది. పాలకు వచ్చినవాళ్లెవరూ నవ్వలేదు. నొక్కులో చెయ్యి పెట్టి, “మల్లన్న జాగ” అనుకుంటూ వెళ్లారు.

పని అయ్యాక మరోసారి కొలిచి, మొదటి బొమ్మతో పోల్చడం మా పద్ధతి. రేపు ఎవరూ మాట అనకూడదు కదా. పెన్ను పట్టుకుని లోపలి అంచు వెంట వెళ్లాను. నొక్కు దగ్గర పెన్ను లోపలికి దిగింది. నా మణికట్టు వంగడం నాకు తెలుస్తూనే ఉంది. తెర మీద చూస్తే చుక్కలు ఆ చివర నుంచి ఈ చివరకు నున్నగా, ఎక్కడా నొక్కన్నదే లేకుండా పడ్డాయి. అక్కడ ఖాళీ లేదన్నట్టు.

సలీం భాయ్ కూడా కొలిచాడు. అతనికీ అంతే. పెన్ను నా చేతిలో పెట్టి, వెళ్లి మేం వచ్చిన ఆటోలో కూర్చున్నాడు.

తర్వాత పెట్టెను అమ్మినవాళ్లకే పంపి పరీక్ష చేయించాను. ఏ లోపమూ లేదన్నారు. అంతకు ముందు గానీ, ఆ తర్వాత గానీ అది ఒక్క కొలత కూడా తప్పలేదు. లేని నొక్కును ఎందుకు చూపించిందో, ఉన్న నొక్కును ఎందుకు దాచిందో నాకు ఈ రోజుకీ తెలియదు. నిమ్మకాయ దండను మాత్రం వాడిపోయినప్పుడల్లా నేనే మారుస్తున్నాను.

పలక దించిన ఆ రోజు నేను తెర ముందు అలా నిలబడిపోయి ఉంటే, బాలమ్మ గిన్నె నిండా పెరుగన్నం తెచ్చి నొక్కు పక్కన కొత్త బండ మీద పెట్టింది.

“ఇగ సరిపాయెనా?” అంది.

“సరిపోయిందమ్మా, చక్కగా సరిపోయింది,” అన్నాను.

ఆమె నా వైపు తిరిగింది.

“నిన్ను అడుగలె బిడ్డా.”