రెండు చుక్కల నడుమ లోతు

మా ఇంట్లో రెండు మగ్గం గుంటలు ఉండేవి. ఒకదాంట్లో కాళ్లు పెట్టుకుని నాయన నేసేవాడు. రెండోది మా అన్నది. అన్న మద్రాసులో మిల్లు పనికి పోయాక అది ఖాళీగా ఉండిపోయింది. వానాకాలంలో దాని అడుగున నీళ్లు ఊరేవి. నా చిన్నప్పుడు ఒకసారి ఆ నీళ్లలోంచి పాము తల ఎత్తింది. నాయన దాన్ని కర్రతో తీసి పెరడు అవతలికి విసిరి, మళ్లీ వచ్చి నేతలో కూర్చున్నాడు. నేను మాత్రం ఆ తర్వాత ఆ గుంట దగ్గరికి పోలేదు. అవతలి గదిలోకి పోవాలంటే గోడను ఆనుకుని పోయేవాణ్ణి.

తిరుత్తణి హైస్కూల్లో ఆఖరి తరగతికి వచ్చిన ఏడు నాయన ఒక మాట చెప్పాడు. కోపంగా చెప్పలేదు. తెగిన పోగు ముడివేస్తూ, తల ఎత్తకుండా చెప్పాడు.

"సెలక్షన్‌లో పాసైతే పబ్లిక్ పరీక్షకు పో. తప్పినావంటే ఇంగ యాడికీ పోవద్దు. వచ్చి ఆ గుంటలో కూర్చో. మగ్గం ఊరికే పెడితే చెదలు పట్టతాది."

సెలక్షన్ అంటే పబ్లిక్ పరీక్షకు ముందు బడిలోనే పెట్టే పరీక్ష. అందులో తప్పినవాళ్లను పైకి పంపేవాళ్లు కాదు. నాయన మాటలో అన్యాయం ఏమీ లేదు.

లెక్కలంటే అంతకుముందు నాకు భయం ఉండేది కాదు. కూడికలూ భాగహారాలూ నోటితోనే చేసేవాణ్ణి. ఆ ఏడాది గ్రాఫులు మొదలయ్యాయి. గళ్ల కాగితం చూడగానే ఇది మన ఇంటి విద్యే కదా అనుకున్నాను. చీర అంచుల్లో వచ్చే గోపురాలూ హంసలూ ముందు గళ్ల కాగితం మీదే పుడతాయి. ఒక్కో గడి ఒక్కో పోగు. పైకి లేవాల్సిన పోగుకు గడి నింపుతారు, లేవకూడనిదానికి ఖాళీగా వదులుతారు. నాయన నేస్తుంటే పక్కన కూర్చుని ఆ కాగితం చదివి చెప్పింది నేనే.

క్వార్టర్లీ పరీక్షలో గ్రాఫు లెక్క వచ్చింది. ఎక్స్ వర్గంలోంచి ఎక్స్ తీసి, అందులోంచి ఇంకో రెండు తీస్తే వై. ఎక్స్ మారుతుంటే వై ఎలా మారుతుందో గీసి, వై అన్నిటికన్నా తక్కువయ్యేది ఎక్కడో చెప్పమన్నారు. పట్టిక తప్పు లేకుండా వేశాను. ఎక్స్ సున్నా అయినప్పుడు వై మైనస్ రెండు, ఒకటి అయినప్పుడూ మైనస్ రెండే. ఆ తర్వాత పెన్సిలు చెక్కుకుని గళ్లు నింపుకుంటూ పోయాను. నేతలో పోగు లేని అంకె ఉండదు. కాబట్టి సున్నాకు కూడా ఒక వరుస గళ్లు ఇచ్చాను. తిరగేసిన గోపురం ఒకటి తయారయింది. దాని అడుగు రెండు గళ్ల వెడల్పున చదునుగా ఉంది. తక్కువ విలువ సున్నా దగ్గరా, ఒకటి దగ్గరా, రెండు చోట్లా ఉందని రాశాను. పక్కపక్కన ఉన్న రెండు పోగుల నడుమ ఇంకేముంటుంది?

లెక్కల అయ్యవారు కొట్టేవాడు కాదు. కొట్టి ఉంటే ఇంత భయపడేవాణ్ణి కాదేమో. ఆయన నా కాగితాన్ని రెండు చేతులతో కొసలు పట్టి, చీర చూపించినట్టు తరగతికి చూపించాడు.

"చూసినారారా. గ్రాఫు వెయ్యమంటే గోపురం అంచు వేసినాడు. ఏమిరా, జరీ యాడ?"

తరగతంతా నవ్వింది. ఆయన కూడా నవ్వి, కాగితం నా ముందు పెట్టి మెల్లగా అన్నాడు: "గ్రాఫులో గడి లెక్కలేదురా. గీతే లెక్క. గీతా గీతా కలిసే చోట చుక్క. సెలక్షన్‌లో గ్రాఫు రాకుండా ఉండదు. ఇది రాకపోతే నువ్వు గట్టెక్కవు."

చుక్క పెట్టడం మరునాటికే వచ్చింది. కాని చుక్కల నడుమ ఏం గీయాలో అర్థం కాలేదు. నేను స్కేలు పెట్టి ఒక చుక్క నుంచి ఇంకో చుక్కకు గీత లాగేవాణ్ణి. అయ్యవారు దాన్ని కొట్టేసి వంపు తిప్పేవాడు. ఎందుకు వంగాలని అడిగే ధైర్యం లేదు. ఇంటికి వస్తే గుంట నోరు తెరుచుకుని ఉండేది. రాత్రి అన్నం దగ్గర కూర్చున్నా వీపు దానివైపు పెట్టేవాణ్ణి కాదు.

కార్తీకంలో ఒక ఆదివారం తిరువళ్ళూరు పోయాను. అక్కడ మా మేనమామ అంచులకు గళ్ల కాగితం మీద బొమ్మలు గీసి ఇచ్చేవాడు. గళ్ల కాగితం గురించి ఆయనకు తెలియనిది ఉండదని నా నమ్మకం.

"ఏం అల్లుడా, మీ అమ్మ పంపినాదా, నువ్వే వచ్చినావా?"

"నేనే వచ్చినాను మామా. గ్రాఫు నేర్పించు."

మామ నా పుస్తకం తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు.

"గీత మీద చుక్క పెట్టమంటాడా మీ అయ్యవారు? గీత మీద ఏముంటాది? అది కంచె కదా. ఉండేదంతా గడిలోనే."

"గడి లెక్కలేదంట మామా."

"అట్లయితే నాకు తెలీదు నాయనా," అన్నాడు మామ, పుస్తకం మూసి నా చేతికి ఇస్తూ. "నాకు తెలిసింది గడి ఒకటే. అది వద్దంటే నేనేం చెప్పేది?"

వంటింట్లోంచి అత్త అంది: "అంత ఏడుపు ఎందుకురా, గుంటలో కూర్చుంటే ఏం తక్కువైపోతాది? మీ మామ కూర్చోలేదా?"

"కూర్చుని లేసి వచ్చినాను కదే. వాణ్ణి కూర్చోబెట్టాలని నీకెందుకు ఆత్రం?"

అన్నం తిని తిరుగు బస్సు ఎక్కాను. తెలిసిన మనిషి తెలీదన్నాక నాకు ఇంకెవరూ మిగల్లేదు. మధ్యాహ్నం నుంచే ముసురు పట్టింది. సగం దారిలో వాన కుండపోత అయింది. వాగు దగ్గరికి వచ్చేసరికి బస్సు ఆగిపోయింది. చప్టా మీదుగా ఎర్రనీళ్లు పారుతున్నాయి. చప్టాకు అటూ ఇటూ సున్నం కొట్టిన రాళ్లు వరుసగా ఉంటాయి. ఆ రాళ్ల తలలు కనిపిస్తున్నాయి గాని రోడ్డు కనిపించడం లేదు.

బస్సులో మురుగన్ కొండకు కావడి తీసుకుపోయేవాళ్లు ఉన్నారు. ఒకామె పిల్లను ఒళ్లోకి లాక్కుని కళ్లు మూసుకుంది. ఆ నీళ్ల రంగు మా గుంటలో ఊరే నీళ్ల రంగే.

కండక్టరు తలుపు దగ్గర నిలబడి రాళ్ల వైపు చూశాడు. "నడిమి రాళ్లు రెంటికీ చూడన్నా, నీళ్లు ఒకే మట్టం. మోకాలికి మించి లేదు. పోనీ," అన్నాడు డ్రైవరుతో.

ముందు సీట్లో తలకు తుండు చుట్టుకున్న ముసలాయన తల అడ్డంగా ఆడించాడు. "ఆ రాళ్లు చూసి పోవద్దు నాయనా. రెంటికీ మట్టం ఒకటే. లోతు ఆ రెంటి నడుమ ఉండాది."

"రాయి లేని తావున లోతు యాడినుంచి వస్తాది తాతా?"

"రాయి పెట్టినోడు దూరం కొలిచి పెట్టినాడు. లోతు చూసి పెట్టలా."

"నీకెట్ల తెలుసు?"

"నా ఎద్దుల్ని అడుగు."

కొందరు నవ్వారు. కండక్టరుకు రోషం వచ్చింది. పంచె ఎగ్గట్టి, ఒక కర్ర తీసుకుని దిగాడు. డ్రైవరు వద్దన్నా వినలేదు. రాయి పక్కన రాయి పట్టుకుంటూ పోయాడు. ఒక నడిమి రాయి దగ్గర నీళ్లు మోకాలిదాకా వచ్చాయి. దాన్ని వదిలి రెండోదాని వైపు అడుగు వేశాడు. తొడదాకా దిగిపోయాడు. కర్ర చేతిలోంచి కొట్టుకుపోయింది. అతడు ఒరిగి, చేయి చాచి, ఎలాగో అవతలి రాయిని కావలించుకున్నాడు. అక్కడ నిలబడితే నీళ్లు మళ్లీ మోకాలిదాకే ఉన్నాయి.

నేను కిటికీ చువ్వలు పట్టుకుని ఆ రెండు రాళ్లనే చూస్తున్నాను. రెండూ ఒకే మట్టం. సున్నా దగ్గర మైనస్ రెండు, ఒకటి దగ్గర మైనస్ రెండు. పోగుకూ పోగుకూ నడుమ ఏమీ లేకపోవచ్చు. రాయికీ రాయికీ నడుమ మాత్రం రోడ్డు ఉంది. అది నాకు కనిపించనంత మాత్రాన లేకుండా పోలేదు. చుక్క పెట్టింది నేను, నాకు వీలైన దూరంలో. లోతు నా చుక్క కోసం ఆగదు.

అది తెలిసినందుకు సంతోషం రాలేదు. భయం ఇంకా పెరిగింది. అంటే పట్టికలో లేని చోట కూడా ఏదో జరుగుతూనే ఉంటుందన్నమాట.

నీళ్లు తగ్గి కండక్టరు తిరిగి వచ్చేదాకా కూర్చున్నాం. వెలుతురు పోకముందే డ్రైవరు బండి కదిలించాడు. బస్సు ముక్కు కిందికి దిగి, నడుమ ఒక్క క్షణం నీళ్లు మెట్టు దాటి లోపలికి వచ్చి, మళ్లీ ముక్కు పైకి లేచింది. ఆ దిగడం, ఆ లేవడం నా కడుపులో తెలిశాయి.

ఇంటికి పోయి లెక్క వేశాను. ఎక్స్ అర అనుకుంటే దాని వర్గం పావు. పావులోంచి అర తీసి, ఇంకో రెండు తీస్తే మైనస్ రెండుంపావు. రెండు చుక్కలకన్నా కింద. నమ్మకం కుదరక అరకు అటు ఒక పావు, ఇటు ఒక పావు పెట్టి చూశాను. అక్కడ లోతు కొంచెం తక్కువ, రెండు వైపులా సమానం. స్కేలు పక్కన పెట్టి చేతితోనే వంపు గీశాను. ఆ తర్వాత నాకు ఎవరూ గ్రాఫులు చెప్పలేదు. పుస్తకంలో ఉన్నవన్నీ ఒక్కొక్కటే, ప్రతి రెండు చుక్కల నడుమ లెక్క వేసి చూసుకుంటూ, నాకు నేనే నేర్చుకున్నాను. చాలా నిదానంగా.

సెలక్షన్‌లో ఎక్స్ వర్గంలోంచి మూడు ఎక్స్‌లు, ఇంకో ఒకటి తీయమన్నారు. ఒకటి దగ్గర మైనస్ మూడు, రెండు దగ్గర మైనస్ మూడు. పెన్సిలు ఒక చుక్క మీద ఉంది. రెండోది పక్కనే ఉంది. అడ్డంగా లాగితే పని అయిపోతుంది. లాగలేదు. లెక్క వేసుకుని ఒకటిన్నర దగ్గర, మైనస్ మూడుంపావు మీద ఇంకో చుక్క పెట్టాను. అప్పుడు పెన్సిలును కిందికి దించాను.

పేపర్లు ఇచ్చిన రోజు అయ్యవారు నన్ను నిలబెట్టాడు. కాగితం కొసలు పట్టుకునే ఉన్నాడు.

"ఏమిరా, ఈ నడుమ చుక్క ఎవరు పెట్టమన్నారు?"

"ఎవురూ చెప్పలేదు సార్. వాగు దగ్గర చూసినాను."

"వాగులో గ్రాఫు యాడిదిరా?"

నేను వేలితో రెండు చుక్కలనూ, నడిమి చుక్కనూ చూపించాను. ఆయన కాగితాన్ని ఎవరికీ చూపించకుండా మడిచి ఇచ్చాడు. "కూర్చో. పబ్లిక్‌కు ఫీజు ఎప్పుడు కట్టాలో ఆఫీసులో అడిగి పో."

ఆ సాయంత్రం నాయనకు చెప్పాను. చేతిలో నాడె ఆపకుండా, నేస్తూనే విన్నాడు. ఆదివారం పెరట్లోంచి మన్ను తెచ్చి రెండో గుంటలో పోశాడు. నేనూ గంపతో మోసి తొక్కాను. లోపలికి దిగి తొక్కాల్సి వచ్చినప్పుడు మొదట నాయన చేయి పట్టుకున్నాను.

మళ్లీ వానాకాలానికి ఆ మన్ను కుంగింది. ఒడ్డున చూస్తే సమంగానే ఉంది. నడుమ మాత్రం పళ్లెంలాగా దిగి, పైకప్పు నుంచి కారిన నీళ్లు నిలిచాయి. నాయన చూసి, "ఇంకో రెండు గంపలు పొయ్యాల," అన్నాడు. నేను గంప తెచ్చాను.